సి.ఆర్.పి. పెరిగిందంటే ఏమిటి?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో కవితలు, కథలు, ఉద్యోగాలు సంపాదించిన అన్నల, అక్కల అనుభవాలు వస్తుంటాయి. ఈసారి మేము ఒక కాగితం గురించి రాయాలనుకున్నాం. అది రక్తపరీక్ష కాగితం.

ఎందుకంటే మన ఇళ్లలో ఆ కాగితం చివరికి మన చేతికే వస్తుంది. బ్యాంకు నోటీసు వచ్చినా, పాసుపుస్తకంలో పేరు తప్పుపడినా, రేషన్ కార్డుకు దరఖాస్తు రాయాలన్నా "నువ్వు సదువుకున్నవు బిడ్డా, జర సూడు" అంటారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలిగితే చాలు, ఇంటికి మనమే వకీలు, మనమే డాక్టరు. అక్షరాలు చదవడం వేరు, అర్థం తెలుసుకోవడం వేరు. ఆ తేడా మాకు ఆలస్యంగా తెలిసింది.

రెండు కాగితాలు

2021 మే నెల. కరోనా రెండో విడత. హాస్టల్ మూసేస్తే ట్రంకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని ఊళ్లకు వచ్చేశాం. అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. ముందుగా మా పెద్దనాయనకు జ్వరం వచ్చింది. మూడో రోజున మండల కేంద్రంలో రక్తపరీక్ష చేయించాం. కాగితంలో సి.ఆర్.పి. 4 అని ఉంది. పక్కన "5 కన్నా తక్కువ ఉండాలి" అని అచ్చు వేసి ఉంది. మేము చదివి "అంతా నార్మలే" అని చెప్పాం. ఇంటిల్లిపాదీ స్థిమితపడ్డారు. పెద్దనాయన చేనుకాడికి కూడా పోయివచ్చాడు. ఎనిమిదో రోజు రాత్రి ఆయాసం మొదలైంది. తొమ్మిదో రోజు జిల్లా కేంద్రంలో ఆసుపత్రికి తీసుకుపోయేసరికి రక్తంలో ఆక్సిజన్ 82 శాతం. అక్కడ చేసిన పరీక్షలో సి.ఆర్.పి. 148. ఆక్సిజన్ పెట్టారు, మందులిచ్చారు. ఐదు రోజులు పోరాడాడు. మాకు దక్కలేదు.

ఆయన ఆసుపత్రిలో ఉండగానే మా నాయనకు జ్వరం. ఆరో రోజున సి.ఆర్.పి. 26 వచ్చింది. పక్కన లావుపాటి అక్షరంలో "హెచ్". అంటే హై, ఎక్కువ అని. అమ్మ ఏడుపు ఆపలేకపోయింది. అప్పుకు తిరిగాం. ఊళ్లో వైద్యం చేసే ఆయన స్టెరాయిడ్ సూది వేస్తానన్నాడు. అంతకుముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ దగ్గరికి పోవడం మా అదృష్టం. ఆమె నాయన వేలికి ఆక్సీమీటరు తగిలించి, ఆరు నిమిషాలు వరండాలో నడిపించింది. నడకకు ముందు 97, తరువాత 97. "ఈ సూది ఇప్పుడు వద్దు. రోజుకు మూడుసార్లు ఆక్సిజన్ చూసి రాసిపెట్టండి" అని పంపేసింది. పది రోజుల్లో నాయన లేచి తిరిగాడు.

నాలుగు వచ్చిన మనిషి పోయాడు, ఇరవై ఆరు వచ్చిన మనిషి బతికాడు. ఇదెట్లా? ఆ ప్రశ్నే మమ్మల్ని ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ దాకా తీసుకొచ్చింది. ఇన్నేళ్లు చదివి తెలుసుకున్నది మీకు సులువుగా చెప్పాలని ఈ ప్రయత్నం.

లోపల జరిగేది

చేతికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోట ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, సలుపుతుంది. దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. తెలుగులో వాపు ప్రక్రియ అనుకోవచ్చు. వచ్చిన శత్రువు మీదికి రోగనిరోధక వ్యవస్థ పంపే సైన్యపు అలికిడి ఇది. వైరస్ ఊపిరితిత్తుల్లో చేరినప్పుడూ ఇదే జరుగుతుంది, కాకపోతే కంటికి కనిపించదు.

వైరస్ సోకిన కణాలు, వాటి దగ్గరికి చేరిన తెల్ల రక్తకణాలు సైటోకైన్లు అనే రసాయన సందేశాలు పంపుతాయి. వాటిలో ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-6. ఈ సందేశం రక్తంలో ప్రయాణించి కాలేయానికి చేరగానే కాలేయం కొన్ని ప్రోటీన్ల ఉత్పత్తిని ఒక్కసారిగా పెంచేస్తుంది. అందులో ఒకటి సి-రియాక్టివ్ ప్రోటీన్, అదే సి.ఆర్.పి.

ఈ సైన్యం హద్దులో ఉంటే వైరస్ చస్తుంది, మనిషి కోలుకుంటాడు. హద్దు దాటితే సొంత ఊరినే తగలబెడుతుంది. ఊపిరితిత్తుల్లోని వాయుగోణుల గోడలు దెబ్బతిని, లోపలికి నీరు ఊరుతుంది. అప్పుడు గాలి ఎంత పీల్చినా ఆక్సిజన్ రక్తంలోకి దాటదు. కరోనాలో చాలామంది మొదటి వారంలో మామూలుగా ఉండి, రెండో వారం మొదట్లో దిగజారడానికి కారణం ఇదే. మొదటి వారం వైరస్‌ది, రెండో వారం మన శరీరం చేసే అతిది.

సి.ఆర్.పి. కథ

1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే శాస్త్రవేత్తలు న్యుమోనియా రోగుల రక్తాన్ని పరిశీలించారు. న్యుమోకాకస్ బాక్టీరియాలో ఉండే "సి" అనే చక్కెర పదార్థాన్ని ఆ రక్తద్రవంలో కలిపితే తెల్లగా విరిగింది. రోగి కోలుకున్నాక అదే పరీక్ష చేస్తే విరగలేదు. "సి" పదార్థంతో చర్య జరిపేది కాబట్టి దానికి సి-రియాక్టివ్ ప్రోటీన్ అని పేరు పడింది. చూశారా, ఈ ప్రోటీను మొట్టమొదట కనబడిందే ఊపిరితిత్తుల జబ్బులో.

దీని నడక తెలిస్తే కాగితం సగం అర్థమైనట్టే. దెబ్బ తగిలిన సుమారు 6 గంటలకు ఇది పెరగడం మొదలుపెడుతుంది. దాదాపు రెండు రోజులకు శిఖరానికి చేరుతుంది. దెబ్బ ఆగిపోతే సుమారు 19 గంటలకు ఒకసారి సగమవుతుంది. అంటే ఇది ఈరోజు సంగతి మాత్రమే చెబుతుంది. రేపు ఏమవుతుందో దానికి తెలియదు.

పెద్దనాయన కాగితం అబద్ధం చెప్పలేదు. మూడో రోజు సంగతి మూడో రోజు చెప్పింది. మేమే దాన్ని తొమ్మిదో రోజు దాకా నమ్ముకున్నాం.

అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని ల్యాబ్‌లు లీటరుకు మిల్లీగ్రాముల్లో రాస్తాయి, కొన్ని డెసిలీటరుకు రాస్తాయి. డెసిలీటరు అంటే లీటరులో పదో వంతు. ఒక కాగితంలో 2.6, ఇంకో కాగితంలో 26 ఉన్నా రెండూ ఒకటే కావచ్చు. అంకె పక్కన కొలత చూడకుండా "నిన్న రెండు, ఈరోజు ఇరవై ఆరు" అని బెంబేలెత్తవద్దు. లీటరు లెక్కన సాధారణంగా 5 లేదా 10 లోపు ఉంటే మామూలు. సాధారణ జలుబు, పడిశాల్లో కొద్దిగా పెరుగుతుంది. 100 దాటితే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించాలి.

ఇ.ఎస్.ఆర్. — మెస్ సాంబారు లెక్క

మన ఊళ్లలో పాతకాలం నుంచి చేసే పరీక్ష ఇ.ఎస్.ఆర్. గడ్డకట్టని మందు కలిపిన రక్తాన్ని సన్నని గొట్టంలో నిలువుగా నిలబెట్టి, గంటలో ఎర్ర కణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో కొలుస్తారు. మెస్‌లో సాంబారు గరిటెతో తిప్పడం ఆపితే ముక్కలు అడుక్కి చేరడం మనందరికీ అనుభవమే! సన్నని పప్పు మెల్లగా దిగుతుంది, పెద్ద ముక్క గబుక్కున దిగుతుంది. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు ఫైబ్రినోజన్ అనే ప్రోటీన్ పెరిగి, ఎర్ర కణాలు రూపాయి బిళ్లల దొంతరలా ఒకదానికొకటి అతుక్కుంటాయి. దొంతర బరువెక్కి త్వరగా దిగుతుంది. అందుకే అంకె పెరుగుతుంది.

దీని లోపం ఏమిటంటే ఇది మెల్లగా పెరుగుతుంది, జబ్బు తగ్గాక వారాల తరబడి దిగదు. పైగా రక్తహీనత ఉన్నా, గర్భిణి అయినా, వయసు పైబడినా పెరుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి మన అమ్మలకో, చెల్లెళ్లకో ఇ.ఎస్.ఆర్. 40 వచ్చిందంటే ఊపిరితిత్తుల జబ్బే అయి ఉండనక్కరలేదు. తినే తిండిలో ఇనుము చాలకపోవడం కూడా కావచ్చు.

కాగితంలో ఉండే మిగతా పేర్లు

లింఫోసైట్లు: ఇవి మామూలు రక్తకణాల పరీక్షలోనే తెలుస్తాయి, ఖర్చు తక్కువ. తీవ్రమైన కరోనాలో లింఫోసైట్లు తగ్గి, న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్లతో భాగించి వచ్చే నిష్పత్తి పెరుగుతూ పోతే డాక్టర్లు జాగ్రత్తపడతారు. స్టెరాయిడ్ వేసుకున్నా ఈ నిష్పత్తి పెరుగుతుంది. సూది వేయించుకున్న సంగతి దాచి పరీక్ష చేయించుకుంటే డాక్టరును తప్పుదారి పట్టించినట్టే.

ఫెర్రిటిన్: ఇనుమును దాచిపెట్టే ప్రోటీన్. ఇన్‌ఫ్లమేషన్‌లో బాగా పెరుగుతుంది. కాలేయ జబ్బుల్లోనూ పెరుగుతుంది.

డి-డైమర్: రక్తపు గడ్డ కరిగినప్పుడు మిగిలే తునక. ఎక్కువగా ఉందంటే లోపల ఎక్కడో గడ్డలు కడుతున్నాయేమోనని అనుమానం. గర్భిణులలోనూ, ఆపరేషన్ అయినవారిలోనూ, వృద్ధులలోనూ ఎక్కువగానే ఉంటుంది.

ఎల్.డి.హెచ్.: కణాల లోపల ఉండే ఎంజైము. కణాలు దెబ్బతిని పగిలినప్పుడు రక్తంలోకి వస్తుంది.

ప్రోకాల్సిటోనిన్: బాక్టీరియా జబ్బుల్లో పెరుగుతుంది. వైరస్ జబ్బుల్లో విడుదలయ్యే ఇంటర్‌ఫెరాన్ దీన్ని అణచిపెడుతుంది. అందుకే వైరస్ జ్వరం మీద బాక్టీరియా కూడా తోడైందా అన్న సందేహం వచ్చినప్పుడు ఇది కొంత సాయపడుతుంది.

అంకెకూ తీవ్రతకూ సంబంధం ఉందా?

ఉంది. 2020 మార్చిలో చైనాలోని వుహాన్ నగరం నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో రెండు ఆసుపత్రులలోని 191 మంది రోగుల వివరాలు చూశారు. వారిలో 54 మంది చనిపోయారు. చేరినప్పుడే డి-డైమర్ మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము దాటినవారిలో, వయసు పైబడినవారిలో మరణాలు ఎక్కువని తేలింది. సి.ఆర్.పి., ఫెర్రిటిన్, ఎల్.డి.హెచ్. ఎక్కువగా ఉండి లింఫోసైట్లు తగ్గినవారికి ప్రమాదం ఎక్కువని ఆ తరువాత అనేక దేశాల అధ్యయనాలు చెప్పాయి.

అయితే ఒక మాట గమనించాలి. అవన్నీ ఆసుపత్రిలో చేరినవారి లెక్కలు. ఇంట్లో జ్వరంతో పడుకున్న మనిషికి ఆ లెక్కను అట్లాగే అతికించకూడదు.

వైద్యానికి ఈ అంకె ఎట్లా ఉపయోగపడిందో చూడండి. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన "రికవరీ" పరిశోధనలో టొసిలిజుమాబ్ అనే మందును పరీక్షించి 2021లో ఫలితాలు చెప్పారు. ఇది ఇంటర్‌ల్యూకిన్-6 సందేశాన్ని అడ్డుకునే మందు. ఎవరికి ఇచ్చారు? ఆక్సిజన్ తగ్గి ఉండాలి, సి.ఆర్.పి. 75 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. రెండూ ఉన్నవారికే. మందు ఇచ్చినవారిలో 28 రోజుల్లో 31 శాతం, ఇవ్వనివారిలో 35 శాతం చనిపోయారు. వందకు నలుగురు ప్రాణాలు దక్కించుకున్నారు.

అదే పరిశోధన 2020 జూన్‌లో డెక్సామెథాసోన్ గురించి చెప్పింది. ఇది చవకైన స్టెరాయిడ్. వెంటిలేటరు మీద ఉన్నవారిలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవారిలో 26.2 నుంచి 23.3కు తగ్గాయి. మరి ఆక్సిజన్ అవసరం లేనివారిలో? స్టెరాయిడ్ ఇవ్వనివారిలో 14.0, ఇచ్చినవారిలో 17.8. మేలు కనిపించలేదు, కీడు జరిగే అవకాశమే కనిపించింది. సైన్యం అతి చేస్తున్నప్పుడు దాన్ని ఆపడం మేలు. ఇంకా వైరస్‌తో పోరాడుతున్నప్పుడే ఆపితే వైరస్‌కు దారి ఇచ్చినట్టు.

డాక్టరమ్మ ఆ రోజు మా నాయనకు సూది వద్దన్న కారణం ఈ లెక్కలోనే ఉంది. మనలో చాలామంది ఊళ్లలో జ్వరం వచ్చిన మొదటి రోజే ఈ మాత్రలు మింగారు. 2021లో మన దేశంలో బ్లాక్ ఫంగస్ అన్న మ్యుకోర్‌మైకోసిస్ అంతగా వ్యాపించడానికి అదుపులో లేని చక్కెర వ్యాధి, అవసరం లేని స్టెరాయిడ్లు ప్రధాన కారణాలని వైద్యులు చెప్పారు. స్వల్ప లక్షణాలున్నవారికి సి.ఆర్.పి., ఫెర్రిటిన్ వంటి పరీక్షలు అనవసరమని, అవి భయాన్నే పెంచుతాయని అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ డాక్టర్ రణదీప్ గులేరియా 2021 మే నెలలో హెచ్చరించారు. ఆ మాట మా ఊరికి చేరేసరికి మా అప్పు అయిపోయింది.

పొగ, మంట

ఊరి చివర పొగ లేస్తే ఎక్కడో మంట ఉందని తెలుస్తుంది. అది గడ్డివామో, ఇల్లో, ఎవరో వంట చేసుకుంటున్నారో పొగను బట్టి చెప్పలేం. సి.ఆర్.పి. కూడా అంతే. పుచ్చిపోయిన పన్ను, కాలికి చీము పట్టిన పుండు, క్షయ, కీళ్లవాతం, అన్నీ దాన్ని పెంచుతాయి. ఏ వైరస్ వచ్చిందో అది చెప్పదు. వైరస్ అయితే తక్కువ, బాక్టీరియా అయితే ఎక్కువ అన్న సూత్రం కూడా ఎప్పుడూ పనిచేయదు. అడినోవైరస్ వచ్చిన పిల్లల్లోనూ, తీవ్రమైన కరోనాలోనూ సి.ఆర్.పి. బాగా పెరుగుతుంది.

మరి దేన్ని చూడాలి? మనిషిని చూడాలి. 2021లో మన దేశపు వైద్య మార్గదర్శకాలు కరోనా తీవ్రతను విభజించింది రక్తపరీక్షతో కాదు, ఊపిరితో. నిమిషానికి శ్వాస 24 లేదా అంతకుమించినా, ఆక్సిజన్ 90 నుంచి 93 మధ్య ఉన్నా మధ్యస్థం. శ్వాస 30 దాటినా, ఆక్సిజన్ 90 కన్నా తగ్గినా తీవ్రం. సి.ఆర్.పి., డి-డైమర్ పరీక్షలు ఆసుపత్రిలో చేరిన మధ్యస్థ, తీవ్ర రోగులకు రెండు మూడు రోజులకోసారి చేయమన్నారు. అంటే ఒక్కసారి వచ్చిన అంకె కన్నా, పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే ముఖ్యం.

ఆక్సీమీటరుకూ లోపాలున్నాయి. చేతులు చల్లగా ఉన్నా, గోళ్లరంగు ఉన్నా తప్పు చూపవచ్చు. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో ఉన్నదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ చూపించే అవకాశం ఉందని 2020 చివర్లో అమెరికా పరిశోధకులు చూపారు. అందుకని అంకె బాగుంది కదా అని ఆయాసాన్ని తోసిపుచ్చవద్దు.

మనం చేయగలిగింది

ఇది ఒక్క కరోనాతో పోయే సంగతి కాదు. 2009 మే నెలలో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొదట బయటపడింది హైదరాబాద్‌లోనే. వైరస్‌లు మళ్లీ వస్తాయి. ఒక గదిలో పదిమంది పడుకునే మనబోటి చోటికి ముందుగా వస్తాయి.

జ్వరం వస్తే ఇంటికి పంపేస్తారని, పరీక్ష పోతుందని దుప్పటి కప్పుకుని దాచుకోవడం మనకు అలవాటు. మేమూ అట్లాగే చేశాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దాచుకోకండి. ఒక నోటుపుస్తకం పెట్టి, జ్వరం మొదలైన తేదీ రాయండి. ఇది ఎన్నో రోజన్నది తెలియకపోతే ఏ రిపోర్టుకూ అర్థం లేదు. ప్రతిరోజూ జ్వరం, ఆక్సిజన్, పడుకుని ఉన్నప్పుడు నిమిషానికి ఎన్ని శ్వాసలన్నది రాయండి. దీనికి గడియారం ఉంటే చాలు. ఆయాసం, ఛాతీలో నొప్పి, మాట తడబడటం, పెదవులు నీలంగా మారడం, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే వార్డెన్ సారుకు చెప్పి ఆసుపత్రికి పోవాలి. ఇంట్లో వృద్ధులు, గర్భిణులు, చక్కెర వ్యాధి ఉన్నవారు ఉంటే ఇంకాస్త ముందే పోవాలి.

పరీక్ష రాస్తే డాక్టరును ఒక ప్రశ్న అడగండి: "ఈ అంకె ఎక్కువ వస్తే మందు మారుస్తారా, తక్కువ వస్తే మారుస్తారా?" మారేదైతే తప్పక చేయించండి. ఏదొచ్చినా మందు మారదంటే ఆ డబ్బు ఇంట్లో ఉండనివ్వండి. అలా అడగడం అమర్యాద కాదు, చదువుకున్నందుకు మన బాధ్యత.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. వార్షికోత్సవానికి మీరు ఇచ్చే బహుమతులతో పాటు ప్రతి అంతస్తుకూ ఒక ఆక్సీమీటరు, ఒక థర్మామీటరు ఇప్పించండి. పక్కన నోటుపుస్తకం మేము పెడతాం.

పెద్దనాయన మూడో రోజు కాగితం మా ట్రంకు పెట్టెలో ఇప్పటికీ ఉంది. అమ్మ పారేయమంది, పారేయలేదు. ఇప్పుడు ఎవరైనా రిపోర్టు తెచ్చి "జర సూడు బిడ్డా" అంటే కాగితం అందుకోకముందే రెండు మాటలు అడుగుతున్నాం: జ్వరం వచ్చి ఎన్ని రోజులైంది? ఊపిరి ఎట్లా ఆడుతోంది?

మీరూ అవే అడగండి. కాగితం ఆ తరువాత చూడొచ్చు.